అతుకు మీద దెబ్బ

నేను ఒక దాగలిని. కొలిమి పక్కన తుమ్మ మొద్దు మీద కూర్చుని, ఎర్రగా కాలిన ఇనుముకు కింద ఆసరాగా ఉంటాను. సుత్తి దెబ్బ ఇనుము మీద పడినా సగం వచ్చేది నాకే. ఇలాంటి బతుకులో మనుషుల మీద నమ్మకం అంత తొందరగా కుదరదు. దసరా నాడు నన్ను కడిగి, బొట్టు పెట్టి దణ్ణం పెడతారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ బాదడం మొదలుపెడతారు.

హుజూర్‌నగర్ పోయే రోడ్డు పక్కన కొలిమి పెట్టుకున్న పుల్లాచారి నన్ను చేశాడు. విరిగిన మిల్లు ఇరుసు ముక్కను కాల్చి, సాగగొట్టి, ఒక పక్క కొమ్ములాగా ముక్కు తీశాడు. కొడవళ్లు వంచేది ఆ ముక్కు మీదే. ఆయన తర్వాత అల్లుడు కనకాచారి చేతికి వచ్చాను. కొడవలి వంకర సరిగా రాకపోతే ఆ తప్పు నాదేననేవాడు. ఆయన కూడా పోయాక, అన్నాళ్లూ ఎదురుగా నిలబడి సమ్మెట కొట్టిన భార్య ఈశ్వరమ్మ కొలిమిని నడిపింది. ఆడమనిషి పని ఎలా ఉంటుందోనని ఊళ్లోవాళ్లు కొడవళ్లు తిప్పి తిప్పి చూశారు. పదును చూడబోయి ఒకరిద్దరికి వేళ్లు తెగాక ఆ చూడడం మానేశారు.

అప్పుడు వచ్చాడు ఖాజా. చాలాకాలంగా ఊరి లోపల వెల్డింగ్ షాపు నడుపుతున్న మనిషి. రెప్పలు కమిలి ఉంటాయి, చొక్కా నిండా నిప్పురవ్వల బెజ్జాలు.

"అక్కా, నాకు కమ్మరిపని నేర్పుతవా?" అన్నాడు.

"పనొచ్చినోనివి, నీకెందుకు?"

"ఇనుమును అతికించుడే నేర్చుకున్న గని, ఇనుము సంగతి నాకు తెల్వదక్కా. మొన్న గొడ్డలి అతికిస్తే అతుకు బానే ఉంది. దాని పక్కనే విరిగింది. ఎందుకిరిగిందో నాకు సమజ్ కాలె."

ఈశ్వరమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. కొలిమి ఉన్న జాగా రోడ్డు మీద ఉంది, వెల్డింగ్ షాపుకు బాగా పనికొస్తుంది. పైగా అతను వచ్చీరాగానే నన్ను ఒక అంచు పట్టి ఎత్తి చూశాడు. పాత ఇనుము కొనేవాళ్లు అలాగే చూస్తారు. అయినా సమ్మెట కొట్టడానికి మనిషి కావాలి కాబట్టి ఆమె ఒప్పుకుంది. కన్ను మాత్రం అతని మీదే ఉంచింది.

అతను దెబ్బ నేర్చుకుంటూనే సలహాలు మొదలుపెట్టాడు. ఒకరోజు ఆమె నీళ్ల పైపు ముక్కను కొలిమిలో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దక్కా. ఈ పైపు మీద జింకు పూత ఉంటది. కాలితే తెల్లటి పొగ లేస్తది. అది పీలిస్తే రాత్రికి చలిజరం పట్టుకుంటది. ముందు పూత తీసెయ్యాలె."

"నేను చూడని పొగా?" అందామె. కానీ పైపు పక్కన పడేసింది. పైపుల పని తన షాపుకే రావాలని ఇలా భయపెడుతున్నాడని నాకు అనిపించింది. ఆమెకూ అలాగే అనిపించినట్టుంది, ఆ పూట అతనితో మాట్లాడలేదు.

అసలు గొడవ కొక్కెం దగ్గర వచ్చింది. వరి మిల్లులో మోటార్లు చూసే సాంబయ్య ఒక లావుపాటి కొక్కేన్ని సంచిలో పెట్టుకొచ్చాడు. మోటార్లను పైకెత్తే గొలుసుకు తగిలించేది. బరువుకు దాని నోరు తెరుచుకుపోయింది, మెడ దగ్గర వెంట్రుకలాంటి పగులు కనిపిస్తోంది.

"కొంచెం వెల్డింగ్ పెట్టి, నోరు దగ్గరికి వంచుండ్రి. పైన రంగేస్కుంట," అన్నాడు.

ఖాజా దాన్ని ఎండలోకి తీసుకుపోయి చూసి, తిరిగి అతని చేతిలో పెట్టాడు. "నేను పెట్ట. మనుషుల నెత్తి మీద ఏలాడేదానికి అతుకు పెట్టొద్దు. కొత్తది తెచ్చుకోండ్రి."

"కొత్తది తెమ్మంటే మిల్లు సేటు ఇంటడా?"

ఈశ్వరమ్మకు ఒళ్లు మండింది. వచ్చిన గిరాకీని వెళ్లగొట్టడం చూశాక, కొలిమి జాగా కోసమే వచ్చాడన్న ఆమె అనుమానం రూఢి అయింది. "ఇటియ్యి సాంబయ్యా, అతుకు లేకుండనే నేను జేస్త," అని కొక్కేన్ని తీసుకుని బొగ్గుల్లో పెట్టింది. నా ముక్కు మీద పెట్టి నోరు వంచింది, మెడను కొట్టి పగులు మూసింది. పైకి చూస్తే పగులు లేదు. కానీ నా మీద పడిన చప్పుడు మంచిది కాదు. మంచి ఇనుము గంటలా పలుకుతుంది. ఇది పగిలిన కుండలా పలికింది. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

చల్లారాక ఖాజా అన్నాడు. "ఇచ్చే ముందల బరువు ఏలాడదీసి చూద్దామక్కా."

"నా పని మీద నీకు నమ్మకం లేదా? అయితే నా దాగలినే ఏలాడదియ్యి!"

ఖాజా తన మూడుకాళ్ల స్టాండు తెచ్చి కప్పీ గొలుసు బిగించాడు. నన్ను కొక్కేనికి తగిలించి, "జానెడు లేపితే సాలు. అందరు దూరం జరగుండ్రి," అన్నాడు. ఈశ్వరమ్మ వినలేదు. గొలుసు లాక్కుని, పంతంగా నన్ను ఛాతీ ఎత్తుకు లేపింది. "సూడు, ఏమైంది?" అంది. సాంబయ్య నవ్వుతూ కొక్కెం చూద్దామని ముందుకు వంగాడు. ఖాజా అతని చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

కొక్కెం పుటుక్కున తెగింది. నేను కింద ఉన్న నాపరాయి మీద పడ్డాను. నా ముక్కు మొదలంటా విరిగి పక్కకు దొర్లిపోయింది.

ఖాజా తెగిన కొక్కెం ముక్క తీసి చూపించాడు. తెగిన చోట సగం మేర ఎర్రటి తుప్పు, మిగతా సగం తళతళా మెరుస్తోంది. పగులు ఎప్పటినుంచో లోపలిదాకా ఉంది. ఈశ్వరమ్మ దాన్ని పైపైన మూసిందంతే.

సాంబయ్య నేల మీద కూలబడ్డాడు. "రోజు దీని కిందనే నిలబడతనమ్మా నేను," అన్నాడు. తర్వాత లేచి, "ముక్కలు ముక్కలు కొయ్యి ఖాజా. మల్ల ఎవ్వడు వాడొద్దు. సేటుకు నేనే జెప్పుకుంట," అన్నాడు.

అతను వెళ్లాక ఈశ్వరమ్మ నా ముక్కును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మా నాయిన చేసిండు దీన్ని," అంది.

"నేను అతికిస్తనక్కా."

"అతుకు నమ్మొద్దని నువ్వే అంటివి గదా?"

"నెత్తి మీద ఏలాడేదానికి వద్దన్న. ఇది నేల మీద కూసునేది. అయినా పనంతా నాతోటి కాదు. ఇనుము ఎంత కాలిందో నాకు తెల్వది, రంగు నువ్వు చూసి చెప్పాలె."

నాకు చచ్చే భయం వేసింది. గొడ్డలిని విరగ్గొట్టుకున్న చేతులే కదా అవి. అతను విరిగిన మొహాలు రెండింటినీ ఏటవాలుగా, మెరిసేదాకా అరగదీశాడు. తుప్పు, నూనె ఉంటే అతుకులో బుడగలు పడతాయన్నాడు. వెల్డింగ్ రాడ్లను తడి లేకుండా కొలిమి గట్టు మీద ఆరబెట్టాడు. పుట్టిన తర్వాత మొదటిసారి నన్ను నిప్పుల్లో పెట్టారు.

"ఇగ సాలు. ఇంకా కాలితే మెత్తబడతది," అంది ఈశ్వరమ్మ. అతను తొడుగు ముఖానికి దించుకున్నాడు, ఆమె తల పక్కకు తిప్పుకుంది. కొంచెం అతికించడం, అతుకు మీద పేరుకున్న పొక్కు రాలగొట్టి చిన్న సుత్తితో తట్టడం, మళ్లీ కొంచెం అతికించడం. వేడి తగ్గితే ఆమె మళ్లీ బొగ్గులు కప్పించింది. పని అయ్యాక అలవాటు కొద్దీ నీళ్ల బకెట్ అందుకుంది.

"నీళ్లొద్దక్కా!" అని ఖాజా కేకేశాడు. "గొడ్డలికి నేను చేసింది గదే, నువ్వు కొడవళ్లను నీళ్లల్ల ముంచుడు చూసినంక సమజైంది. ఒక్కసారే సల్లబడితే అతుకు పక్కన ఇనుము గాజు లెక్కయితది."

నన్ను బూడిదలో పూడ్చి, తనంతట తాను చల్లారేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు.

బయటికి తీసిన రోజు ఈశ్వరమ్మ సమ్మెట అతని చేతికిచ్చింది. అతను నా వీపు మధ్యలో మెల్లగా కొట్టాడు.

"ఆడ గాదు. అతుకు మీద కొట్టు."

ఖాజా నుదుటి మీద చెమట పట్టింది. సమ్మెట ఎత్తి ఆగాడు. అప్పుడు అతను ఎంత భయపడుతున్నాడో నాకు కనిపించింది. నా జాగా మీద, బరువు మీద కన్నేసినవాడికి అంత భయం ఎందుకుంటుంది? అప్పుడే నా అనుమానం కొంచెం సడలింది. దెబ్బ పడింది. ముక్కు కదల్లేదు.

"ఇంకోటి," అంది ఈశ్వరమ్మ.

ఇప్పుడు ఇద్దరూ కలిసే పనిచేస్తున్నారు. పొద్దున కొలిమి అంటించే ముందు ఈశ్వరమ్మ నా అతుకు మీద వేలుపెట్టి తడిమి చూస్తుంది, పగులేమైనా మొదలైందేమోనని. ఆమె బొగ్గులకు వెళ్లగానే ఖాజా వచ్చి అదే చోట తడుముతాడు. ఒకరు చూస్తున్నట్టు ఇంకొకరికి తెలియదు. వాళ్లిద్దరూ నన్ను అలా అనుమానిస్తున్నంతకాలం నాకేమీ కాదని నా ధైర్యం.