బదులు మనిషి

వాకిలి ఊడుస్తూనే ఐలమ్మ వంటింటి వైపు ఒక చెవి వేసి ఉంచింది. చేయి బొబ్బలెక్కకుండా కొబ్బరి చీపురు పిడికి తన పాత నీలం చీర అంచు చింపి చుట్టుకుంది. లోపల ఆడబిడ్డ బాలమణి గిన్నెలు తోముతోంది. ఒక్కటీ కింద పడిన చప్పుడు లేదు. ఐలమ్మకు అదే భయంగా ఉంది.

రేపు తనకు గర్భసంచి ఆపరేషన్. తర్వాత నెలరోజులు బరువెత్తకూడదన్నాడు డాక్టరు. పేట్ బషీరాబాద్ ఇళ్లలో పనిమనిషి రాకపోతే బదులు మనిషిని తనే తేవాలి. చురుకైన మనిషిని తెస్తే ఆ మనిషే ఉండిపోతుంది. ఎవరినీ తేకపోతే యజమానురాలు శేషారత్నం ఇంకొకరిని చూసుకుంటుంది. ఆలోచించి ఆలోచించి ఆడబిడ్డను తెచ్చింది. దేవరయాంజాల్‌లో తమ ఇంట్లో బాలమణి కడిగిన గిన్నెకు ఎప్పుడూ మసి మిగిలే ఉంటుంది.

ఇక్కడ మాత్రం అన్నీ తళతళలాడుతున్నాయి.

"ఏందే, మనింట్ల ఎన్నడన్న గిట్ల తోమినవా?"

"మనింట్ల గీ సబ్బేడిది వదినె? అంత బూడిదనేనాయె!" బాలమణి నవ్వింది.

ఐలమ్మ పొత్తికడుపు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. గండిమైసమ్మ దగ్గర మీటింగులో పనిమనుషుల సంఘం సుచిత్ర చెప్పిన మాట గుర్తొచ్చింది. "కంపెనీల మనిషి బీమారైతే సుట్టియ్యాలని కానూన్ ఉన్నది. ఇండ్లల్ల జేసేటోళ్లకు లేదు. మనమే అడగాలె."

"అడిగితె, రేపటి సంది రాకు అంటె?" అంది అప్పుడు ఐలమ్మ. అందరూ నవ్వారు. సుచిత్ర మాత్రం నవ్వలేదు.

ఐలమ్మ ఈ ఇంట్లో చేరినప్పటికి వీళ్ల పాప సృజన పుట్టనేలేదు. ఇప్పుడు సైకిలు మీద బడికి పోతోంది. అయినా ఒక్క మాట అడగడానికి పొద్దున్నుంచి నోరు పెగలడం లేదు. బండలు తుడిచేటప్పుడు అడుగుదామనుకుంటే ఫోను మోగింది. బట్టలు ఆరేసేటప్పుడు పక్కింటావిడ వచ్చింది.

చివరికి చెప్పులు వేసుకుంటూ అడిగేసింది. "అమ్మా, మంచిగైనంక మల్ల నేనే వస్త గద?"

శేషారత్నం బోర్లించిన గిన్నెల వైపు చూసింది. "ముందు ఆరోగ్యం చూసుకో ఐలమ్మా. తొందరేం లేదులే, ఈ అమ్మాయి ఉందిగా!"

ఆప్యాయంగానే అంది. బాలమణి తల ఎత్తలేదు.

"సరే అమ్మా," అని ఐలమ్మ గేటు చప్పుడు కాకుండా వేసి రోడ్డు మీదికి నడిచింది.

గోడకు ఆనించిన చీపురు పిడి మీద ఆ నీలం పేలిక ఇంకా చెమట తడితోనే ఉంది, ఆమె వేళ్లు పట్టిన చోటల్లా నొక్కుకుపోయి.