ఆరు గంటల నీళ్ళు

మ్యాన్‌హోల్ మూత జరిపి, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండానే లోపలికి తొంగి చూశాడు మురుగు మామయ్య. ముప్పై ఒక్క ఏళ్ళుగా పీలుస్తున్న వాసన. ఇప్పుడు గుడ్డ కట్టుకుంటే పాత చుట్టాన్ని చూసి తలుపేసుకున్నట్టే. మురుగు మామయ్య అన్న పేరు వీధి పిల్లలు పెట్టింది. అసలు పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు, ఆయనకూ పట్టింపు లేదు.

ఉద్యోగం ఏమంత చెప్పుకోదగ్గది కాదు. నెలకు రెండుసార్లు ఈ మురుగు ఒక సీసాడు తోడి, మంచుపెట్టెలో ల్యాబుకు పంపడం. పిల్లల కాళ్ళు పడగొట్టే పోలియో క్రిమి ఒంట్లో ఉన్నా చాలామందిలో పైకి తెలియదు. మురుగులో మాత్రం దొరికిపోతుంది. దొరికితే ఇంటింటికీ తిరిగి చుక్కలు వేస్తారు. తోడేది పొద్దున్న ఆరింటికే, వీధంతా పాయిఖానాకు వెళ్ళే వేళ. పొద్దెక్కితే వచ్చేవి అంట్ల నీళ్ళూ సబ్బు నీళ్ళూనూ. ల్యాబువాళ్ళు "ఏమీ దొరకలేదు" అంటే ఆయనకు ఆ రోజు పండగే. వెతికింది దొరకనందుకు ఇంత సంబరపడే మనిషిని లోకంలో చూడలేదని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఈరోజుతో ఉద్యోగం ఆఖరు. తోడవలసింది కొత్తగా చేరినావిడ. సీసాలు, మంచుపెట్టె ఆఫీసునుంచి ఆవిడతోనే రావాలి. ఆరయింది. ఆరున్నరయింది. మామయ్య మూత మళ్ళీ వేసేసి, ఎదురుగా బట్టలు కుట్టే అమ్మాయి కొట్టు మెట్టుమీద కూర్చున్నాడు.

ఆ అమ్మాయి కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి, రోజూలాగే టీ గ్లాసు చేతికిచ్చింది. రేపటినుంచి ఈ టీ ఎవరి మొహాన కొట్టాలని వేళాకోళమాడింది. ఆయన నవ్వాడు, తలెత్తకుండా. ఆమె ఇచ్చిన టీ ఆయన చేతిలో చల్లారిపోవలసిందే. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వేడిగా తాగలేదు.

ఏడున్నరకు కొత్తావిడ మంచుపెట్టెతో ఆయాసపడుతూ ఆటో దిగింది. పిల్లకు జ్వరమట, తెల్లవార్లూ కునుకు లేదట. మూత జరిపి, సీసా కట్టిన తాడు నెమ్మదిగా వదిలి, చుక్క ఒలకకుండా నింపింది. చెయ్యి తిరిగిన మనిషేనని మామయ్య ముచ్చటపడ్డాడు. సీసాకు అంటించే చీటీమీద టైము రాయబోయి ఆవిడ ఆగిపోయింది.

"ఆరని రాసెయ్యనా బాబాయ్? మొదటిరోజే ఆలస్యమంటే ఏం బాగుంటుంది?"

మామయ్య కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. ఇప్పుడు చెప్పబోయేది కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

"నేనొకసారి రాశానమ్మా. నిద్రపట్టేసి, పదింటికి తోడి ఆరని రాశా. ల్యాబువాళ్ళు ఏమీ లేదన్నారు, అందరం నమ్మేశాం. నెల తిరక్కుండా ఈ వీధిలో ఒక పాపకి కాలు పడిపోయింది."

"మీ వల్లేనా?"

"అవునని ఎవరూ చెప్పలేరు. కాదని నేను చెప్పలేను. ఏడున్నరని రాయి. పనికిరాదంటారు, రేపు మళ్ళీ తోడమంటారు. అంతేగా."

ఆవిడ ఏడున్నరని రాసింది.

వెనకాల కుట్టుమిషను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. బట్టలు కుట్టే అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నదని మొహమే చెబుతోంది. ఆ అమ్మాయి వంగి, ఆయన చేతిలోని చల్లారిన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. పొగలు కక్కుతున్న టీతో తిరిగి వచ్చింది.

"ఇది వేడిగా తాగండి మామయ్యా," అంది. కొత్తావిడ వైపు తిరిగి, "రేపు ఆరింటికి రండక్కా. షట్టరు తీసే ఉంచుతాను."

నాలుక కాలింది. అయినా గ్లాసు దించకుండా తాగాడు. ఇన్నేళ్ళ బరువు దిగిందో లేదో గాని, ఒళ్ళంతా తేలికైనట్టనిపించింది. ఆ పూట ఆఫీసువాళ్ళు చేసే సన్మానానికి వేళవుతోందని లేచి, మంచుపెట్టె దగ్గర ఓసారి వంగి, వీధి మలుపుదాకా వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు.

మంచుపెట్టె ఎత్తబోయిన కొత్తావిడకు అప్పుడు కనిపించింది, దాని పిడికి తోలుపట్టీతో కట్టిన ఆయన పాత చేతిగడియారం, రేపు ఆరింటికి అలారం పెట్టి.