మరిది కారుకి టైర్లు

"రేపట్నుంచి నేను రాను. నన్ను ఇలా వదిలెయ్యండి," అంది అత్తగారు, మంచం మీద దుప్పటి సర్దుకుంటూ.

ఎక్కడికి రానంటోందో ఇంట్లో అందరికీ తెలుసు. మూడు నెలల కిందట మెట్ల మీంచి జారి ఆవిడ తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. వారానికి మూడుసార్లు ఊరికి ఆ చివరనున్న ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. ఇప్పుడు మానేస్తే కాలు అలాగే బిగుసుకుపోతుంది, ఇక బతికినన్నాళ్ళూ వాకరే అని డాక్టరమ్మ మొహమ్మీదే చెప్పింది. అత్తగారు వినబడనట్టు గోడకేసి చూసింది. వినబడకేం, పక్కింట్లో గిన్నె పడితే ఏ గిన్నో చెప్పగల చెవులు ఆవిడవి.

రానన్న మాట వినగానే కోడలికి అమ్మయ్య అనిపించింది. అబద్ధమెందుకు, అనిపించింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. ఎందుకనిపించదు మరి. కోడలు చెప్పుల షాపులో పనిచేస్తుంది. పొద్దున్నే షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి నిలబడటం, వంగడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, మళ్ళీ లేవడం. మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికొచ్చి, అత్తగారిని మెల్లగా మెట్లు దింపి, కారెక్కించి, ఊరంతా దాటించి, అక్కడ కూర్చుని, మళ్ళీ తీసుకురావాలి. మొగుడికి ప్రెస్సులో రాత్రి డ్యూటీ. పగలు ఆయనగారు దిండు కింద తల పెట్టి పడుకుంటారు. డ్రైవింగు నేర్చుకోండి మహానుభావా అని పెళ్ళైన కొత్తలో చెప్పింది. చూద్దాంలే అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"అమ్మకి మనసు విరిగిపోయింది," అన్నాడు వంటింట్లోకి వచ్చి. "ఇంక ఏం చెప్పినా వినదు."

"మీరు చెప్పారా?"

"చెప్పినా వినదంటున్నాగా."

కోడలు పొయ్యికేసి తిరిగింది. కానీ ఆవిడకి ఒక్కటే అంతుపట్టలేదు. అత్తగారు నోరు మూసుకుని ఊరుకునే మనిషి కాదు. కూరలో ఉప్పు చాలకపోతే చెప్తుంది, ఎక్కువైతే రెండుసార్లు చెప్తుంది. చొక్కా ఆరేసిన తీరు బాగోదు. తలుపు వేస్తే చప్పుడు, వెయ్యకపోతే గాలి. కోడలు తుమ్మినా అందులో ఓ వంక దొరుకుతుంది. అలాంటావిడకి ఎందుకు రానంటున్నారని అడిగితే మాత్రం నోట్లోంచి ముక్క ఊడిపడటం లేదు. కాలు నొప్పా అంటే కాదంది. అక్కడ వ్యాయామం చేయించే పిల్ల విసుక్కుంటోందా అంటే కాదంది. ఓపిక లేదు, అంతే అంది.

మర్నాడు షాపుకి బయల్దేరబోతూ కారు చుట్టూ ఓ చూపు చూస్తే, వెనక టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు కనబడింది. కోడలికి ఏడుపొక్కటే తక్కువ.

ఆ కారు వాళ్ళది కాదు, మరిదిది. మరిది ఓడలో వంటవాడు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే. ఆ కారంటే అతనికి ప్రాణం. చిన్నది, ఎర్రది, వీధిలో నిలబెట్టినా పరిగెడుతున్నట్టే ఉంటుంది. కొన్నప్పుడు వచ్చిన చక్రాలు నచ్చక వాటిని పీకేసి, పెద్ద రిమ్ములు, వెడల్పాటి టైర్లు వేయించాడు. ఇప్పుడు పక్కనుంచి చూస్తే అంతా రిమ్మే, దాని చుట్టూ నల్ల రిబ్బను చుట్టినట్టు కాస్తంత రబ్బరు. వెళ్తూ వెళ్తూ తాళాలు వదిన చేతిలో పెట్టి, "జాగ్రత్త వదినా," అన్నాడు. వదినకి కాదు ఆ జాగ్రత్త, కారుకి.

షిఫ్టు దిగి టైర్ల షాపుకి వెళ్ళేసరికి ముందు ఇంకో రెండు బళ్ళున్నాయి. కాళ్ళు పీక్కుపోతున్నాయి. తాళాలు షాపతని చేతికిచ్చి, వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది. కూర్చున్నదల్లా ఎప్పుడు నిద్రలోకి జారిందో ఆవిడకే తెలీదు. వంతు రాగానే షాపతను, పాపం లేపడమెందుకనుకున్నాడో, లేపే ఓపిక లేకపోయిందో, అలాగే కారు స్టార్టు చేసి లోపలికి తీసుకెళ్ళాడు. లోపల నేలంతా గతుకులు.

ఒక్క కుదుపుకి ఆవిడ తల వెళ్ళి తలుపుకి కొట్టుకుంది. రెండోదానికి పళ్ళు టకటకమన్నాయి. మూడోది నడుము కిందనుంచి ఎవరో కర్రతో పొడిచినట్టు తగిలింది. కారు ఆగాక కూడా కాసేపు సీటు అంచు పట్టుకునే ఉంది.

మూడు నెలలుగా ఆవిడ ఈ కారు నడుపుతూనే ఉంది, వెనక కూర్చున్నది మాత్రం ఇదే మొదలు. ముందు కూర్చున్నవాళ్ళకి స్టీరింగు ఉంటుంది, గుంత కనబడుతుంది, ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది. అత్తగారికి కాలు మడవడానికి రాదని వెనక సీట్లో అడ్డంగా కూర్చోబెట్టి, పక్కన దిండు పెట్టి, బెల్టు ఎలాగో బిగించి తీసుకెళ్తున్నారు. రాడ్డు వేసిన తుంటితో.

ఇదన్నమాట సంగతి, అనుకుంది. చిన్నకొడుకు ముచ్చటపడి వేయించుకున్న చక్రాలని ఒక్కమాట అనలేక ముసలావిడ కాలే వదులుకుంటోంది. కోడలి కూరలో ఉప్పుకి వంక పెట్టడానికైతే అడ్డొచ్చేవాళ్ళు లేరు గానీ, చిన్నకొడుకు కారు దగ్గరకొచ్చేసరికి నోరు పెగల్లేదు. ఒళ్ళు మండింది కోడలికి, జాలీ వేసింది, రెండూ ఒకేసారి.

"ఇదే సైజు ఉంది, వేసేస్తా," అన్నాడు షాపతను ఆవలిస్తూ. అతనూ పొద్దుట్నుంచి ఎన్ని చక్రాలు ఎత్తి దించాడో, మొహం వేలాడిపోతోంది.

"ఆగండి. ఇంత గట్టిగా ఎందుకుంది ఇది?"

"గోడ తక్కువ కదా మేడం." టైరు మీద అంకెల్ని వేలితో చూపించాడు. "రెండొందల ఐదు వెడల్పు. నలభై అంటే, ఆ వెడల్పులో నూటికి నలభై వంతులు ఈ పక్కగోడ ఎత్తు. పదిహేడు అంగుళాల రిమ్ము. గోడ పొట్టిగా ఉంటే కుదుపు మింగడానికి రబ్బరెక్కడుంది? తిన్నగా సీట్లోకే వస్తుంది. ఉబ్బు కూడా అందుకే వచ్చింది."

"మరి ఇదే రిమ్ముకి గోడ ఎత్తున్నది వెయ్యండి."

"వెయ్యొచ్చు. చక్రం మొత్తం పెద్దదైపోతుంది. మలుపు తిప్పితే లోపల రాసుకుంటుంది. మీటరూ తప్పు చూపిస్తుంది, మీరు అరవైలో వెళ్తుంటే అది యాభై ఆరు అంటుంది. కావాలంటే గాలి కాస్త తగ్గించుకోండి, మెత్తగా ఉంటుంది." ఒక్క క్షణం ఆగి, "కానీ గుంతలో పడితే రిమ్ము వంగుతుంది, నన్ననొద్దు," అన్నాడు.

కోడలు ఆ అంకెలకేసే చూస్తూ నిలబడింది. చెప్పుల షాపులో రోజూ చూసేదే ఇది. బూటు గట్టిగా ఉందని లోపల మందపాటి మెత్త వేయించుకుంటారు, మర్నాడు పైతోలు పాదాన్ని కోసేస్తోందని మళ్ళీ వస్తారు. పై కొలత కదలకూడదు, లోపల మెత్తదనం పెరగాలి. అంటే మధ్యలో గట్టిగా ఉన్నదే చిన్నదవ్వాలి.

"చిన్న రిమ్ము వేసి, ఎత్తు గోడ టైరు వేస్తే చక్రం ఇంతే ఉంటుందా?"

"కంపెనీది అలాగే కదా వచ్చేది," అన్నాడతను, ఇందులో వింతేముందన్నట్టు. డ్రైవరు తలుపు తీసి, తలుపు మూసుకునే చోట అంటించి ఉన్న కాగితం చూపించాడు. నూట ఎనభై ఐదు, అరవై, పదిహేను. రోజూ తీసి వేసే తలుపే. ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు. "పాత రిమ్ములుంటే తీసుకురండి. లేకపోతే దొరికేదాకా ఆగాలి."

ఆ సాయంత్రం మరిది ఏదో రేవు నుంచి ఫోను చేశాడు. అదృష్టమో ఖర్మో, మొదటి మాటే కారెలా ఉంది వదినా అని.

"టైరు ఉబ్బింది. నాలుగూ మార్చేస్తున్నా. నీ పాత రిమ్ములెక్కడున్నాయి?"

అవతల నుంచి కాసేపు సముద్రం ఒక్కటే వినబడింది. "పాతవా? వదినా, ఆ చక్రాలు తీసేస్తే నా కారు గుండు కొట్టించుకున్నట్టు ఉంటుంది. అదే సైజు వేయించు. రెండు నెలల్లో వచ్చేస్తున్నాగా, కాస్త ఓపిక పట్టు."

"ఓపిక పట్టమనడానికి నీదేం పోయింది. మీ అమ్మ ఫిజియోథెరపీకి ఇంక రానని కూర్చుంది."

"అమ్మా? మొన్న మాట్లాడితే బాగానే ఉన్నానందే."

"నీతో బాలేనని ఎప్పుడు చెప్పింది గనక."

"అటక మీదున్నాయి," అన్నాడు చివరికి. "దుప్పట్లో చుట్టిపెట్టా. ఇవి కూడా అలాగే చుట్టిపెట్టు వదినా. గీతలు పడతాయి."

"మీ అమ్మ తుంటి మీదుంది గీత. జానెడు. వచ్చినప్పుడు చూద్దువుగాని," అని పెట్టేసింది. పెట్టేశాక అంతమాట అనకుండా ఉండాల్సిందనిపించింది. అతనికి మాత్రం ఏం తెలుసు. తనకే తెలీలేదు, మూడు నెలలు తనే నడిపింది కదా.

మొగుడు నిచ్చెన వేసుకుని రిమ్ములు దించాడు. దుమ్ములో మునిగి తేలాడు, రెండుసార్లు తుమ్మాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మర్నాడు టైర్లు బిగించారు. నిజమే, కారు కాస్త అమాయకంగా కనబడింది. వెడల్పూ తగ్గింది, జోరూ తగ్గింది. కోడలికి చీమ కుట్టినట్టైనా లేదు.

అత్తగారి దగ్గర టైర్ల సంగతి ఎత్తలేదు. ఎత్తితే కారు వంక పెట్టి లాక్కెళ్తున్నారని మరింత బిగుసుకుంటుంది.

"మానేస్తే మానెయ్యండి. ఆ మాట మీరే వచ్చి డాక్టరమ్మతో చెప్పండి. ఆవిడచేత నేను తిట్లు తినలేను," అంది.

"నాకేం భయమా? పద," అంది అత్తగారు, మంచం మీంచి కాళ్ళు దించుతూ.

కోడలు ఆవిడని ఎప్పట్లాగే వెనక సీట్లో కూర్చోబెట్టి బయల్దేరింది. మొదటి పెద్ద గుంత రాబోతుంటే కోడలు అద్దంలో చూసింది. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని, సీటు బెల్టుని రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. చూసేవాళ్ళకి గుండె తరుక్కుపోయేలా ఉంది ఆ పట్టు. ఇలా ఎన్నిసార్లు పట్టుకుందో. గుంత వచ్చింది, వెళ్ళింది. కారు కాస్త ఊగిందంతే. అత్తగారు ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది తెరిచింది. ఇంకో గుంత దాటాక బెల్టు వదిలేసి, కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

సెంటరు ముందు కారాపి, తలుపు తీసి, కోడలు చెయ్యందించింది. అత్తగారు వాకర్ మీద బరువు మోపి నిలబడి, మొహం చూడకుండా అంది, "ఇవాళ బాగా నడిపావే."

"రోజూలాగే నడిపానత్తయ్యా. టైర్లు మార్పించాం. ఆ గట్టివి తీసేసి పాత సైజు వేయించా."

అత్తగారు కదల్లేదు. "అయితే ఆ కుదుపు నీది కాదా?"

"నాదేమిటి?"

"నీ నడపడమే అలాగనుకున్నా."

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. "మీ చిన్నబ్బాయి కారుని ఏమీ అనలేక ఊరుకున్నారనుకున్నాను."

"వాణ్ణనడానికి నాకేం? వాడి కారూ వాడూ," అంది అత్తగారు. "నువ్వు పొద్దస్తమానం నిలబడి వస్తావు. కళ్ళు మూతలు పడుతుంటే చెంపల మీద నీళ్ళు కొట్టుకుని నన్ను తిప్పుతావు. అలాంటిదాన్ని పట్టుకుని, నీకు నడపడం చాతకాదు, నా ప్రాణం పోతోంది అని ఎలా అనమంటావు?"

"కూరలో ఉప్పెక్కువైతే అంటారు కదా."

"ఉప్పు వేరు."

"కాలు పోతుందత్తయ్యా. ఒక్కమాట చెప్పడం కంటే కాలు పోవడం తేలికనుకున్నారా?"

"పోతే పోయిందనుకున్నా. నేను మానేస్తే ఆ మధ్యాహ్నం పూటైనా నువ్వు కాసేపు పడుకుంటావు కదా అని."

ఇన్నేళ్ళలో ఈ మనిషి తనని చూస్తోందనీ, ఇంతగా చూస్తోందనీ కోడలికి తట్టనేలేదు. అక్కడే కారుకి ఆనుకుని, కొంగుతో మొహం అదిమిపెట్టుకుంది. అత్తగారు గొంతు సవరించుకుంది.

"గేరు మార్చేటప్పుడు మాత్రం నిజంగానే కుదుపుతావు. అది టైర్లది కాదు."

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ముక్కు చీదుకుంది. "సరే, నేర్చుకుంటా," అంది.

అత్తగారు వాకర్ ఒక అడుగు ముందుకి జరిపింది, కాలు వేసింది, మళ్ళీ జరిపింది. లోపల డాక్టరమ్మ గది తలుపు తీసే ఉంది. ఆవిడ అటు కన్నెత్తి కూడా చూడకుండా దాటేసి, వ్యాయామాల గదివైపు తిరిగింది.

"ఎల్లుండి ఎన్నింటికి బయల్దేరాలి?" అంది.