కెల్సీ దాకా రాని రైలు

కెల్సీ ఊరి ధాన్యం గోదాములు కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాయి. ఓపికున్నవాళ్ళయితే నడిచి వెళ్ళిపోగలరు. రైలు మాత్రం మెయిన్ లైను పక్కనుండే లూప్ లైన్లో పాతేసిన గుంజలా నిలబడిపోయింది.

ఓర్ఫా ఒళ్ళోని సీసాని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. చోక్‌చెర్రీ పళ్ళ జెల్లీ. కెల్సీలో ఉండే అక్క వెల్డాకి ప్రాణం, కానీ ఒప్పుకోదు. "ఈసారీ గడ్డకట్టలేదే, నీళ్ళే" అని ఏటా వంక పెడుతుంది. గురువారం వెల్డాని ఆమె కూతురు ఎక్కడో దూరాన ఒరెగాన్ తీసుకుపోతోంది. ఇక తిరిగి రావడమంటూ ఉండదు. చూపు మందగించి అక్కాచెల్లెళ్ళిద్దరూ కారు నడపడం మానేశారు. ఉన్న ఒక్క బస్సూ తీసేశారు. వచ్చే వారం నేను తీసుకెళ్తా అన్నవాళ్ళందరూ అంటూనే ఉన్నారు.

ఈలోగా ఈ రైలు వచ్చింది. ప్రయాణికుల రైలు మళ్ళీ వెయ్యొచ్చో లేదో చూడడానికి, ఓర్ఫా ఉండే వార్డెల్ నుంచి కెల్సీకి ఒక్క రోజు నడిపే రైలు. అది మళ్ళీ రావాలని మంచులో నిలబడి, చర్చి ముందు ఒకసారి, కిరాణా కొట్టు ముందు ఒకసారి, ఊరందరి చేతా సంతకాలు పెట్టించింది ఓర్ఫా. "నీ రైలు వచ్చేలోగా నేను పోతానే" అని అక్క వెక్కిరించినప్పుడల్లా, "రైలెక్కే వస్తాను చూడు" అనేది.

"చట్టం మన వైపే ఉంది ఓర్ఫా గారూ," అన్నాడు ఎదుటి సీట్లోని ఆంబ్రోస్ హాగెన్. రైలు సాధన కమిటీకి పెద్ద, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. "ప్రయాణికుల రైలుకే ముందు దారివ్వాలి. స్పష్టంగా రాసుంది."

"మరి పక్కకి తప్పుకున్నది మనమేం?"

ఆంబ్రోస్ గార్డు వైపు చూశాడు. గ్యారెట్ అనే ఆ గార్డు ఈ జవాబు పెట్టెపెట్టెలోనూ చెప్పి అలిసిపోయాడు. "ఎదురొచ్చే గూడ్సు ఈ లూప్ లైనుకి రెండింతలుందమ్మా. అది తప్పుకుంటే తోక మెయిన్ లైను మీదే ఉండిపోతుంది. మన రైలు ఇందులో పట్టేస్తుంది. పట్టేవాడే తప్పుకోవాలి."

"చట్టం రాసినవాళ్ళు కొలిచి చూసుకోలేదా?"

"చూసుకున్నట్టు లేదు."

"పోనీ మీ కమిటీ?" అంది ఓర్ఫా, ఆంబ్రోస్‌తో.

"స్టేషన్లో బెంచీలు కొలిచాం," అన్నాడాయన నీరసంగా.

ఓర్ఫాకి ఒళ్ళు మండిపోయింది. పట్టాలు గూడ్సు కంపెనీవి, సంబరం వీళ్ళది. అద్దె ఇంట్లో పెళ్ళిపందిరి వేసి, ఇంటివాడి గేదెలు పోయేదాకా పెళ్ళికొడుకుని వీధిలో నిలబెట్టినట్టుంది.

ఫోన్ మోగింది. వెల్డా.

"ఏమే, ఎక్కడ చచ్చావ్? ఇక్కడ బ్యాండువాళ్ళు బాకాలు సర్దుకుని ఇళ్ళకి పోయారు."

"ఊరి బయట రైల్వే గేటు దగ్గరక్కా. కదలడం లేదు."

"ఇలాగే అవుతుందని నాకు తెలుసు. ఉండు, మెర్ల్‌ని కారు తియ్యమంటాను."

వెల్డాని ఎక్కించుకుని పక్కింటి మెర్ల్ కారు గేటు దగ్గరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే గూడ్సూ వచ్చింది. వచ్చి, పోకుండా, రోడ్డుకడ్డంగా ఆగింది. అవతల కారు, ఇవతల రైలు, మధ్యలో ఇనప గోడ. రెండు పెట్టెల సందులో అక్క ఎర్ర కోటు జానెడు కనబడింది ఓర్ఫాకి.

"అక్కా, కొంచెం ఎడమకి జరుగు."

"ఎవరి ఎడమకే?" అంది ఫోన్లో వెల్డా. జరిగేసరికి ఆ జానెడూ పోయింది.

గూడ్సు కదిలాక కోటు కనబడుతూ, మాయమవుతూ, కనబడుతూ ఉంది. ప్రతి పెట్టె దాటగానే ఓర్ఫా కిటికీకి మొహం ఆనించి చూసేది, ఈసారి ఆ సందులో అక్క ఉండదేమోనని. ఆమె బతుకులో మనుషులు అలాగే పోయారు, ఒక్కొక్క పెట్టె చాటున ఒక్కొక్కరు.

చివరి పెట్టె పోయింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. అప్పుడు గ్యారెట్ టోపీ తీసి చెప్పాడు. "డ్రైవరుకి డ్యూటీ గంటలు సరిపోవు. కెల్సీ పోతే తిరిగి రాలేం. ఇక్కడినుంచే వెనక్కి."

ఆంబ్రోస్ చట్టం అనబోయి నోరు మూసుకున్నాడు.

ఓర్ఫా లేచింది. "నన్ను దింపెయ్. అదిగో మా అక్క."

"ఇది కంపెనీ స్థలమమ్మా. మీరు కింద కాలు పెడితే నా ఉద్యోగం పోతుంది."

"మరి నువ్వు పెడితే?"

గ్యారెట్ ఆమెనీ సీసానీ చూశాడు. ఆమెని ఆఖరి తలుపు దాకా నడిపించి, తలుపు పై సగం తెరిచి పెట్టి, సీసా తీసుకుని కంకర మీదికి దిగాడు.

వెల్డా గేటు దగ్గర చేతికర్ర మీద ఆనుకుని నిలబడింది. ఎంత చిక్కిపోయింది. ఫోన్లో గొంతు చిక్కలేదు, అందుకే తెలియలేదు. సీసా అందుకుని, ఎండకెత్తి, అటూ ఇటూ వంచి చూసింది. చూసి, గట్టిగా తల ఊపింది. గడ్డకట్టిందన్నమాట.

గ్యారెట్ ఎక్కాడు. రైలు వెనక్కి కదిలింది. ఓర్ఫా తలుపు పట్టుకునే ఉంది. ఫోన్ మోగింది.

"నీళ్ళేనే," అంది వెల్డా. "ఆ అబ్బాయి ముందు నీ పరువెందుకు తియ్యాలని ఊరుకున్నాను."

"నాకు తెలుసులే."

"పెట్టెయ్యకు. రైలింకా కనబడుతోంది."

నాలుగు బారలు పోయిందో లేదో రైలు కీచుమని ఆగింది. పెట్టెలో అందరూ ఒక్కసారిగా ఉసూరుమన్నారు. ఇంకెవరో తిట్టారు.

"ఏమే, మళ్ళీ ఆగిందేం?"

ఓర్ఫా గ్యారెట్ కేసి చూసింది. అతను సిగ్నల్ వైపు చూపించాడు.

"ఇంకో గూడ్సటక్కా. ఇందాకటి దాని వెనకే వస్తోందట."

"ఎంత పొడుగట?"

"చాలా పొడుగట," అంది ఓర్ఫా. తలుపు మీద మోచేతులు ఆనించుకుంది.