డాక్టరుగారి కారులో ఖాళీ గూడు

నేను ఒక కారు రేడియోను. అలాగని ఎప్పుడూ కారులోనే పడి ఉండే రకాన్ని కాను. పంచాంగం పుస్తకమంత ఉంటాను. డాష్‌బోర్డులో నా కొలతకే చేసిన గూడొకటి ఉంటుంది. అందులోకి తోస్తే టక్కున అతుక్కుని, కారు బ్యాటరీతో, కారు స్పీకరుతో పాడతాను. పక్కనున్న బొత్తాం నొక్కి లాగితే చేతిలోకి వచ్చేస్తాను. అప్పుడు నా కడుపులో నాలుగు చిన్న బ్యాటరీలూ, అరచేతిలో సగమైనా లేని స్పీకరూ చాలు. దొంగల భయంతో మనుషులు చేసుకున్న ఏర్పాటిది. కారును వీధిలో వదిలేసి, దాని గొంతు మాత్రం చంకలో పెట్టుకుపోతారు.

నన్ను సముద్రం అవతల ఏదో చలిదేశంలో చేశారు. తెల్లకోటు వేసుకున్న ఒకామె నా తీగలన్నీ అతికి, చెవి దగ్గర పెట్టుకుని విని, తలాడించింది. నేను పాసైన పరీక్ష అదొక్కటే. ఓడలో పనిచేసే ఇంజినీరొకడు నన్ను విశాఖపట్నం దాకా తెచ్చాడు. అక్కడినుంచి ఒక పాత ఫియట్ కారుతో కలిసి బందరు చేరి, పశువుల డాక్టరు బసవయ్యగారి చేతిలో పడ్డాను.

బసవయ్యగారు ఎంతటి పొగరుబోతు ఎద్దుకైనా భయపడేవారు కారు. నన్నెవరైనా ఎత్తుకుపోతారేమోనని మాత్రం హడలిపోయేవారు. కారు ఆగిందంటే చాలు, తాళంచెవి కన్నా ముందు నన్ను లాగేవారు. పెళ్ళికి వెళితే నన్ను ఒళ్ళో పెట్టుకునే భోంచేసేవారు. సొంత వాకిట్లో కారు పెట్టినా అంతే. నన్ను లోపలికి తెచ్చి, వంటింట్లో ఆవకాయ జాడీ పక్కన పెట్టేవారు.

వంటింట్లో నేను ఆయన భార్య హైమావతి సొత్తు. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమంలో నాటకం వచ్చిందంటే ఆవిడ పొయ్యి మీద కూర సంగతి కూడా మరిచిపోయేది. ఆయనకు నాటకాలు గిట్టవు. ఇద్దరూ కారులో వెళుతుండగా నాటకం మొదలైతే, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే చెయ్యి చాచి, తడుముకుని, నా నాబ్ తిప్పి గొంతు తగ్గించేవారు. ఆవిడ పెంచేది. ఆయన మళ్ళీ తగ్గించేవారు. బందరు నుంచి బెజవాడ దాకా వాళ్ళ సంసారమంతా నా నాబ్ మీదే నడిచేది.

ఆ రోజు ముసురు పట్టి ఉంది. తుఫాను ఎక్కడో ఉత్తరాన తీరం దాటుతుందని పొద్దున నేనే చెప్పాను. నాకు అందిన మాట అది. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురు రావడంతో బసవయ్యగారు బయలుదేరారు. అలవాటుగా వంటింట్లోకి వచ్చి నా మీద చెయ్యి వేశారు.

"ఇయ్యాల్టికి ఉంచండి. నాటకం సగంలో ఉంది," అంది హైమావతి. "సాయంత్రానికి వచ్చేస్తారుగా."

"సరే, నువ్వే విను. నా చెవులకూ కాస్త సుఖం," అని నవ్వుతూ వెళ్ళిపోయారు.

పావుగంట గడిచాక బెజవాడ కేంద్రంవాళ్ళు నాటకం మధ్యలో ఆపి నా చేత హెచ్చరిక చెప్పించారు. తుఫాను దిశ మార్చుకుందనీ, రాత్రిలోగా కృష్ణా తీరం మీద పడుతుందనీ, ఒడ్డున ఉన్నవాళ్ళంతా వెంటనే లోపలికి తరలిపోవాలనీ చెప్పాను. హైమావతి చేతిలో గరిటెతోనే వీధిలోకి పరిగెత్తింది. కారు ఎప్పుడో ఊరు దాటిపోయింది. పోస్టాఫీసుకు వెళ్ళి బతిమాలితే, ఆ ఊరికి ఫోనే లేదన్నారు. ఇక్కడ వంటింట్లో నాటకం మళ్ళీ మొదలైంది, అయిపోయింది కూడా. వినడానికి ఎవరూ లేరు.

ఆయన తిరిగి రాలేదు. ఉప్పెన ఆ దారినంతా తుడిచిపెట్టేసింది. మనిషీ దొరకలేదు, కారూ దొరకలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు రాత అలా ఉందన్నారు. హైమావతి ఆ మాట ఒప్పుకోలేదు. నేను గూట్లో ఉండి ఉంటే ఆయన హెచ్చరిక విని కారు వెనక్కి తిప్పేవారు. నన్ను ఉంచేయమన్నది తనే. ఈ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. నన్ను ఎదురుగా పెట్టుకుని మాత్రం, "నేనే చంపుకున్నాను," అనేది. చివరికి నా బ్యాటరీలు తీసేసి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం నాలో చప్పుడు మొదలైంది. అది నేను కల్పించింది కాదు. నాకు సొంత మాటలుండవు, అందినది చెప్పడమే నా పని. కడుపులో బ్యాటరీలు లేకపోయినా అందింది. ముందు వాన. తర్వాత వైపర్లు. ఎడమ వైపరు అద్దం మీద కీచుమనేది, ఆ సంగతి నాకూ ఆవిడకూ తెలుసు. ఆ తర్వాత రేకు మీద వేళ్ళ చప్పుడు. ఎవరో ఖాళీ గూట్లో చెయ్యి పెట్టి, నా కోసం తడుముతున్నారు. అటు వెతికి, ఇటు వెతికి, మళ్ళీ మొదలుపెడుతున్నారు. ఎంత వెతికినా నేను ఆ చేతికి దొరకను. నాకు చాలా భయం వేసింది.

హైమావతి బీరువా తెరిచి నన్ను చెవికి ఆనించుకుంది. చప్పుడు ఆగేదాకా అలాగే నిలబడింది. అప్పటినుంచి రోజూ ఆ వేళకు అదే చప్పుడు, రోజూ ఆవిడ వినడం. ఒకసారి తమ్ముడు చలమయ్యను పిలిచి వినిపించింది. ఉత్త హోరు తప్ప ఏమీ లేదన్నాడతను. కానీ నన్ను కింద పెట్టాక తడిచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. నన్ను చుట్టిన గుడ్డ మాత్రం పొడిగానే ఉంది.

పదకొండేళ్ళు అలా జరిగాయి. అప్పుడు సముద్రంలో కలిసే మురుగుకాలువలో పూడిక తీస్తుంటే యంత్రానికి ఒక కారు తగిలింది. నంబరు పలక చూసి చలమయ్య అక్క దగ్గరకు వచ్చాడు. బావ కారు దొరికిందనీ, లోపల బురద తప్ప ఏమీ లేదనీ, బందరు శివార్లలో మస్తాన్ పాత ఇనుము కొట్లో పడేశారనీ చెప్పాడు. ఆవిడ వెంటనే బీరువా తెరిచింది. నన్ను తీసుకుని బయలుదేరింది.

కారు లోపల నల్లటి బురద ఎండి రాయిలా బిగుసుకుపోయింది. సీట్లు లేవు. డాష్‌బోర్డు నిండా గుల్లలు అతుక్కున్నాయి. నా గూడు మాత్రం ఖాళీగా, శుభ్రంగా ఉంది. లోపలి రేకు అరిగి మెరుస్తోంది. రోజూ వేళ్ళు రాసుకుంటే తప్ప రేకు అలా అరగదు.

హైమావతి నన్ను అందులోకి తోసింది. టక్కున అతుక్కున్నాను. ఆ కారుకు బ్యాటరీ లేదు, తీగల్లేవు, స్పీకరు ఉండాల్సిన చోట బురద ఉంది. అయినా మాట్లాడాను. పదకొండేళ్ళ కిందటి హెచ్చరిక అదే గొంతుతో, అదే తొందరతో చెప్పాను. చలమయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఆవిడ కారు తలుపు పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు విన్నారా?" అంది. "అప్పుడు వినకుండా చేసింది నేనేనండి."

హెచ్చరిక ముగిసింది. ఆ వెంటనే, ఆ రోజు ఎవరూ వినని నాటకం ఆగిన చోటినుంచి మొదలైంది. అత్తగారి చెవి దుద్దు పోయిందని కోడలు బియ్యం డబ్బా బోర్లించి వెతుకుతోంది. అప్పుడు నా నాబ్ మీద వేళ్ళు పడ్డాయి. చల్లగా, తడిగా ఉన్నాయి. నాకు తెలిసిన వేళ్ళే. వచ్చేది నాటకం కనుక తగ్గిస్తారనుకున్నాను. దానంతటదే కదులుతున్న నాబ్‌ను చూస్తూ ఆవిడ కూడా అదే అనుకుని ఉంటుంది.

నాబ్ కుడివైపుకు తిరిగింది. గొంతు పెరిగింది. ఇంకాస్త తిరిగింది.

హైమావతి ఆ తుప్పు ఇనుము మధ్యే చతికిలబడి నాటకం చివరిదాకా వింది. దుద్దు అత్తగారి కొంగుముడిలోనే దొరికింది. ఆవిడ నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. పదకొండేళ్ళలో ఆవిడ నవ్వు నేను విన్నది అదే మొదలు.

పోదాం పదమని చలమయ్య దగ్గరకొచ్చి, నన్ను తీయబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ," అంది. "ఈసారి ఆయన దగ్గరే ఉండనీ."

అందుకే ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. చుట్టూ విరిగిన సైకిళ్ళు, బావి గిలకలు, మూతల్లేని ట్రంకుపెట్టెలు. మస్తాన్ అన్నిటినీ కోసి అమ్ముతాడు, ఈ కారు జోలికి మాత్రం రాడు. మధ్యాహ్నం పూట అసలు ఈ పక్కకే రాడు. ఆ వేళకు తడిచెయ్యి వస్తుంది. వార్తలు వస్తున్నంతసేపూ, పాటలు వస్తున్నంతసేపూ ఊరికే నా మీద ఆని ఉంటుంది. నాటకం మొదలైతే చాలు, గొంతు పెంచుతుంది. ఆ వేళకు హైమావతి ఈ కొట్టు వైపున్న వంటింటి కిటికీ తెరిచి కూర్చుంటుందని ఒకరోజు చలమయ్య మస్తాన్‌తో చెబుతుంటే విన్నాను.