ఇంట్లో ఉండేవాడు

మూడో పెసరట్టు మీద అల్లం ముక్కలు చల్లుతుంటే కావ్యశ్రీ ఫోన్‌కి దూరాన ఉన్న హాలిఫాక్స్ యూనివర్సిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. సీటూ, రెండేళ్ల స్కాలర్‌షిప్పూ ఇచ్చారు. ఆ సంబరంలో అట్టు మాడింది. మాడితే మాడనీ అనుకుంది.

ఆదివారం టిఫినుకి కొత్త ఇత్తడి గిన్నెతో వచ్చిన ఆమె భర్త తారక్ వాళ్ల పెదనాన్న వీరభద్రరావు, ఆ కబురు విని తింటున్నవాడల్లా ఆగాడు. కెనడాలో ఈ కనాటా ఊళ్లోనే ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి.

"దేని మీదమ్మా రీసెర్చి?"

"హస్‌బెండ్ అన్న మాట మీద, మామయ్యగారూ."

"ఒక్క మాటకి రెండేళ్లా? పెళ్లయి ఆరు వారాలే అయింది. మా పక్క వీధిలో మీకు ఇల్లు చూశాను. పాలు పొంగించడానికి గిన్నె కూడా తెచ్చాను. అసలు మీ ఇంటి యజమానిని, వీణ్ణి అడిగావా?"

"హస్‌బెండ్‌కి యజమాని అన్న అర్థమూ ఉంది, దాచను. కానీ విప్పి చూడండి. అది పాత నార్స్ భాషది, ఐస్‌లాండ్ వాళ్ల పూర్వీకులది. 'హూస్' అంటే ఇల్లు. 'బోండి' మొదట 'బూఆండి'. 'బూఆ' అంటే నివసించడం. దాని చివర 'అండి' చేరిస్తే నివసిస్తున్నవాడు. మనం 'ఉండు' నుంచి 'ఉండేవాడు' చేసుకున్నట్టే. క్రియ కాస్తా మనిషైపోయింది."

"పాఠం బాగుంది. వీడికి వండేదెవరు?"

"నేనెవరినీ అడగడం లేదండీ, చెబుతున్నాను. వెళ్తున్నాను."

స్టవ్ కట్టేసి తారక్ వైపు చూసింది. అతను వద్దన్నా వెళ్తుంది, కానీ ఈ ఆరు వారాల సంతోషం సగమైపోతుంది. ఒకే కప్పులో రెండు టూత్‌బ్రష్‌లు చూసి రోజూ నవ్వుకునే పిల్ల మరి.

తారక్ లేచొచ్చి మాడిన అట్టు తన ప్లేట్లో వేసుకున్నాడు.

"ఇంటి నుంచే పనిచేసేలా రిమోట్ ఇమ్మని మేనేజర్ని అడుగుతా పెదనాన్నా. ఇవ్వకపోతే అక్కడే ఉద్యోగం వెతుక్కుంటా. ఇల్లు తను చూస్తుంది. ఉండడం నా పని."

"మీ ఇద్దరికీ పిచ్చే."

"అయితే మా ఇంటికి వచ్చిపోతుండండి. పిచ్చివాళ్లింట్లో పెసరట్లు బాగుంటాయి," అంది కావ్యశ్రీ. ఇత్తడి గిన్నెని తువ్వాలులో చుట్టి తన బ్యాక్‌ప్యాక్‌లో పెట్టేసింది.

"అది పక్క వీధి ఇంటికి తెచ్చానమ్మా."

"ఇప్పుడే టికెట్లు తీసేసి, రేపు పొద్దున ఆరున్నర ఫ్లైట్‌కి నేనూ తారక్ ఇల్లు వెతకడానికి హాలిఫాక్స్ వెళ్తున్నాం, మామయ్యగారూ. మూడు ఇళ్లు చూస్తాం. తాళంచెవి ఏది ముందు చేతికొస్తే ఆ ఇంట్లో ఇందులోనే పొంగిస్తాను. పాలు అక్కడే కొనుక్కుంటాం."