గున్నమ్మ గంగాళం

ఇలా దగ్గరికి జరగండర్రా. అంత దూరాన కూర్చుంటే సముద్రం హోరులో సగం మాటలు కొట్టుకుపోతాయి. గున్నమ్మ సంగతి చెబుతాను.

నౌపడ ఉప్పుమళ్లు దాటి తూర్పుకి నడిస్తే ఒక చిన్న పేట, అంతా చేపల వేట చేసుకునేవాళ్లే. అందులో ఆఖరి పాక గున్నమ్మది. మొగుడు రాముడు వేటకెళ్లి తిరిగి రాలేదు. తెప్ప చెక్కయినా ఒడ్డుకి కొట్టుకురాలేదు. పిల్లలు లేరు. ఆవిడకి మిగిలినవి రెండే: చూరుకి వేలాడే రాముడి రెండో వల, వాకిట్లో నలుగురు పడితే గాని కదలని రాగి గంగాళం.

అప్పట్లో వలలన్నీ నూలువి. ఉప్పునీటికి నూలు కుళ్లిపోతుంది కదా! అందుకని అమావాస్య నాడు వేట మానేసి, గున్నమ్మ తంగేడు చెక్క వేసి మరిగించిన ఎర్రటి కషాయంలో అందరూ వలలు ముంచుకునేవారు. ఏడాదికి రెండుసార్లు, వలలయ్యాక మిగిలిన నీళ్లలో నూలు తెరచాపలు కూడా పడేసేవారు. మర్నాడు వలకి ఒక దోసెడు చేపలు గున్నమ్మకి. చేపల మాట అలా ఉంచండి. నెలంతా ఆవిడ మాట్లాడేది పొయ్యితోనూ పిల్లితోనూ. ఆ ఒక్క రోజే వాకిట్లో ముప్పై గొంతులు, చుట్టల పొగ, పరాచికాలు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు, నైలాను వలలు దిగాయి. పేటలో మొదట కొండబాబు తెచ్చాడు. కుళ్లదు, రంగక్కర్లేదు, గాలికే ఆరిపోతుంది. ఏడాది తిరిగేసరికి గంగాళం దగ్గరికి వచ్చేది గంగులు వల ఒక్కటే.

నెల్లిమర్ల జూటు మిల్లులో పనిచేసే చెల్లెలు కూర్మమ్మ వచ్చేయమని కబురు మీద కబురు పెడుతోంది. 'ఈ అమావాస్యకి ఒక్క వలొచ్చినా ఇక్కడే ఉంటాను. రాకపోతే గంగాళం టెక్కలి కంచరికి ఇచ్చేసి రైలెక్కేస్తాను' అని గున్నమ్మ మనసులో అనుకుంది.

చెక్క తెచ్చే అసిరయ్య బండి ఆపి అడిగాడు. "ఈ పాలి ఎంత దించమంటావు, గున్నమ్మా?"

"ఎప్పుడూ దించినంత."

"ఎవులొస్తారని?"

"నీకేల మావా? నీ ఎద్దులకి గడ్డి సూసుకో."

అమావాస్య నాడు పొద్దు పొడవకముందే పొయ్యి రాజేసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. పొద్దెక్కింది. వీధి అవతల మగాళ్లు పేకాడుతూ నవ్వుకుంటున్నారు. గున్నమ్మ వాకిలి రెండుసార్లు ఊడ్చింది, ఊడ్చిందే ఊడ్చింది.

మధ్యాహ్నానికి గంగులు కనబడ్డాడు. భుజాన తెల్లగా మెరుస్తున్న కొత్త వల. పాక ముందునుంచి కాక మొగలి పొదల వెనకనుంచి పోతున్నాడు.

"ఒరే గంగులూ! నానేటి పులినేటిరా, సుట్టు తిరిగెల్తన్నావు?"

పేటంతా ఆవిడని అప్ప అనేవారు, అక్క అన్నమాట. వాడు తల దించుకుని వచ్చాడు. "నేదప్పా... సొసైటీవోలు ఇచ్చినారు. దీనికి రంగక్కర్నేదట."

"రంగక్కర్నేదు సరే. కూకోడం కూడా అక్కర్నేదేటి?"

గంగులు కూర్చున్నాడు. చుట్ట వెలిగించాడు. అది సగం కాలకుండానే ఆర్పి చెవి మీద పెట్టుకుని, "ఇంటికాడ పనుందప్పా" అని లేచిపోయాడు.

పొద్దువాలాక గున్నమ్మ చూరునుంచి రాముడి వల దించింది. పదేళ్లుగా ఆ వల సముద్రం మొహం చూడలేదు. అయినా ప్రతి అమావాస్యకీ, అందరూ వెళ్లాక, దాన్ని ముంచి ఆరేసేది. ఆ రోజు అందరూ వెళ్లేదాకా ఆగవలసిన పనే లేకపోయింది. గంగాళం ఒంపుదామంటే ఒక్కదాని వల్ల కాదు. అలాగే వదిలేసి, ప్రయాణానికి మూట కట్టుకుంది.

మర్నాడు తెప్పలన్నీ వచ్చాయి, కొండబాబుది రాలేదు. మిట్టమధ్యాహ్నానికి తెడ్లు వేసుకుంటూ వచ్చి ఒడ్డున కూలబడ్డాడు. చేతులు బొబ్బలు. తెరచాప నడిమికి నిలువునా చీలిపోయింది.

పేటంతా పోగయింది. మూట చంకనున్న గున్నమ్మ కూడా వెళ్లింది. చాప గుడ్డ వేళ్లమధ్య నలిపితే పొడై రాలింది.

"దీన్ని ఎప్పుడు ముంచినావురా?"

వలలతోపాటు చాపలు ముంచడమే అందరికీ అలవాటు. వలలు రావడం మానేశాక చాపల సంగతి ఒక్కడికీ తట్టలేదు. వల తెచ్చినా చాప తేవడం మానేసిన గంగులు కూడా పరుగున వెళ్లి తన చాప పట్టి చూసుకున్నాడు. నూలు పలచబడి వెలుతురు కనబడుతోంది.

"అప్పా, నిన్నటి నీలు పారబోసినావేటి?"

"పారబోయడానికి నలుగురు కావాలి కదరా. ఎవులున్నారు?"

ఆ సాయంత్రం గున్నమ్మ పొయ్యి తిరిగి రాజేసింది, వాకిట్లో పదకొండు చాపలు. మళ్లీ పొగ, మళ్లీ గొంతులు. "గున్నమ్మప్ప మూట కట్టీసింది, మన చాపలకి బయపడి పారిపోతన్నాది!" అని గంగులు అంటే, "ఒరే, నువ్వు ఏ వలకి బయపడి పొదల్లో దూరినావురా?" అని ఆవిడా నవ్వింది. అటుపైన కంచరికి కబురు పెట్టలేదు.

కానీ చాప ముంచేది ఏడాదికి రెండుసార్లే కదా. చీకటిపడే వేళకి నలుగురు కలిసి గంగాళం బోర్లించి, ఎవరి చాప వాళ్లు చుట్టుకుని వెళ్లిపోయారు. గున్నమ్మ మూట విప్పి, ఇంకా వెచ్చగా ఉన్న ఆ రాగికి వీపు ఆన్చి కూర్చుంది. మళ్లీ వాళ్లు రావడానికి ఎన్ని అమావాస్యలో వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆరు.

ఇంతే. మరిచిపోకండి నాయనా. మీరూ ఎవరికైనా చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం గంగులులా సగంలో లేచిపోకండి, చుట్ట మొత్తం కాలేదాకా కూర్చుని చెప్పండి.